చిత్రాంగియు ఫేద్రయు

సవతితల్లి కుమారుని వలచినది. అతడు చెవులు మూసికొనెను. ఆమె నింద మోపినది. తండ్రి విచారింపకయే కఠినశిక్ష విధించెను. ఇంతమాత్రము చెప్పినచో నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతములయందలి పెద్దముత్తైదువలు "ఇది సారంగధరుని కథయే గదా" యందురు. క్రీ. పూ. 428 లో ఏథెన్సు నగరమున యురిపిడీసు మహాకవి ప్రదర్శించి ప్రథమ బహుమానమందిన "హిప్పొలిటస్" నాటకముయొక్క కథయు నిదియే. ఏది దేనికి మాతృకయను వాదము పండితులకు వదలుదము.

సారంగధరుని కథకును మన సీమకును దగ్గర చుట్టరికము కలదు. పదునైదవ శతాబ్దమున శ్రీశైలముననున్న భిక్షావృత్తి మఠాధిపతి ప్రేరణచే గౌరనకవి రచించిన "నవనాథ చరిత్రము"న నీ కథ యున్నది. ఆ శ్రీశైలము 2022 లో నేర్పడిన నంద్యాల జిల్లాలోనిదే. అందు కాలుసేతులు ఖండింపబడిన రాకుమారుని మీననాథుడను సిద్ధుడు కాపాడగా, అతడు చౌరంగి యను యోగి యగును. కామము నతడు జయించెను గనుక దైవ మతనికి అవయవముల నిచ్చినది. మరి చిత్రాంగి మాట? యోగుల కథలో నామె పరీక్షాసాధనము మాత్రమే. తరువాతి వారు కథను రాజమహేంద్రవరమునకును, రాజరాజనరేంద్రుని యింటికిని తరలించిరి.

గ్రీకు కవి యట్లు చేయలేదు. హిప్పొలిటస్ వేటదేవతయైన ఆర్టెమిస్‌ను మాత్రమే కొలుచుచు, ప్రేమదేవతయైన అఫ్రొడైటిని తృణీకరించును. ఆ దేవత కోపించి యతని సవతితల్లియగు ఫేద్ర మనసున వలపు పుట్టించును. ఫేద్ర దోషము తానుగా తెచ్చుకొన్నది కాదు. ఆమె నోరు విప్పక, అన్నము మాని మంచముపట్టును. దాది బలవంతమున రహస్యము లాగి, యువకునిచే ఒట్టు వేయించుకొని చెప్పివేయును. అతడు స్త్రీజాతి నెల్ల దూషించును. బిడ్డలకు తన యపకీర్తి సోకరాదని ఫేద్ర ఉరివేసికొనును. అయితే చేతిపలకపై అతనిమీద అబద్ధపు నేరము వ్రాసి మరీ చచ్చును. ఆమె త్యాగమునందే విషము కలిసినది. హిప్పొలిటసో, ఒట్టునకు కట్టుబడి నిజము చెప్పక, తండ్రి శాపమునకు తల యొగ్గును. ఒక్కమాటతో బ్రదుకగలవాడు ఆ మాట పలుకడు!

ఈ కథ నటుపిమ్మట ఎందరో తిరుగవ్రాసిరి. 1677 లో ఫ్రెంచికవి రసీను తన ఫేద్రచే విషము త్రావించి, మరణమునకు ముందు భర్తయెదుట నిజము చెప్పించెను. 1924 లో అమెరికా నాటకకర్త ఓనీల్ కథను పల్లెటూరి కాపు ముసలివాని యింట పెట్టి, దేవతలను తొలగించి, ఆ స్థానమున భూమిమీది యాశను నిలిపెను.

మన రాయలసీమయందు బళ్లారి వాస్తవ్యులగు ధర్మవరము రామకృష్ణమాచార్యులుగారు (1853-1912) "విషాద సారంగధర" రచించి, శుభాంతమే కావలెనను సంస్కృతనియమమును ధిక్కరించిరి. అంతకుమున్నే, 1883 లో, గురజాడ అప్పారావుగారు ఈ కథనే ఆంగ్లపద్యములుగా వ్రాసియుండిరి. 1957 నాటి చలనచిత్రమున భానుమతిగారు చిత్రాంగిగా నటించిరి.

సోదరీమణులారా, కొన్ని కథనములలో చిత్రాంగి మొదట రాకుమారునికై చూడబడిన కన్య. తండ్రి తానే పెండ్లాడెను. ఇది విన్నపిమ్మట నేరము నంతయు నామెపై నుంచుట నాకు సమ్మతముగా లేదు. ఏండ్లు చెల్లిన రాజు చిన్నదానిని తెచ్చికొన్నప్పుడు సభలో నొక్కరైన నడ్డు చెప్పిరా? ఆమె కోరిక పాపము, ఆయన కోరిక మాత్రము రాజభోగము!

ఆళ్లగడ్డ చేరువనున్న అహోబిలమున సాక్షాత్తు నరసింహస్వామియే చెంచుపడుచును వలచి పెండ్లాడెనని చెప్పుకొందుము; సంక్రాంతినాళ్లలో పారువేటకు బయలుదేరిన స్వామి పల్లెపల్లెకు వచ్చినప్పుడు చెంచులు అల్లునివలె నాదరింతురు. వలపు దైవమునకు దూరమని మన సీమ యెన్నడు ననుకొనలేదు. అట్టిచోట చిత్రాంగికొక్కతెకే క్షమ లేకపోయినది.

యురిపిడీసు నాటకాంతమున ఆర్టెమిస్ దిగివచ్చి నిజము వెల్లడించును. కుమారుడు తండ్రిని క్షమించి ప్రాణము విడుచును. ఇకమీదట ట్రోజెన్ పట్టణపు కన్యలు పెండ్లికి ముందు తమ జుట్టు కత్తిరించి హిప్పొలిటస్‌కు సమర్పింతురనియు, అతనియెడ ఫేద్రకు గల వలపును మరుగుపడదనియు నా దేవత పలుకును.