దూరపు కొండలు నునుపు: డిజిటల్ ఛాయాచిత్రాల నాణ్యతా పరీక్ష

“దూరపు కొండలు నునుపు” అనే సామెత నేటి ఛాయాచిత్రాలకు చక్కగా అన్వయిస్తున్నది. కెమెరా కొనదలచినవారు ముందుగా చూచేది దానితో తీసిన నమూనా చిత్రాలను. అంగడిలోనో, ఫోను తెర మీదనో అవి కళ్ళకు మిరుమిట్లు గొలుపుతాయి. అయితే ఆ సొగసులో కెమెరా శక్తి ఎంత, తీసినవారి నేర్పు ఎంత, తరువాత దిద్దినది ఎంత? ఈ ప్రశ్న వేయనివాడు మోసపోవచ్చు. 2012లో నోకియా సంస్థ తన లూమియా 920 ఫోను కొరకు విడుదల చేసిన ప్రచార వీడియో అసలు ఆ ఫోనుతో తీసినదే కాదని తేలింది. సంస్థ క్షమాపణ చెప్పుకోవలసి వచ్చింది. కనుక నమూనా చిత్రాన్ని పరీక్షించే విధానం మన విద్యార్థులు ఎరిగి ఉండుట మంచిదని మేము తలుస్తున్నాము.

మొదట యంత్రం సంగతి. 1975లో కొడాక్ సంస్థలో స్టీవెన్ సాసన్ నిర్మించిన తొలి డిజిటల్ కెమెరా చిత్రంలో ఉన్నవి 10,000 బిందువులు మాత్రమే. ఒక చిత్రాన్ని క్యాసెట్ టేపుపై నమోదు చేయడానికి 23 సెకన్లు పట్టేది. అదే సంస్థకు చెందిన బ్రైస్ బేయర్ పేరిట 1976లో ఒక పేటెంటు లభించింది. నేటికీ అత్యధిక కెమెరాలు ఆ పద్ధతినే అనుసరిస్తున్నాయి. అందులో ప్రతి నాలుగు బిందువులలో రెండు ఆకుపచ్చను, ఒకటి ఎరుపును, ఒకటి నీలిని గ్రహిస్తాయి. ఒక్కొక్క బిందువు చూచేది ఒక్క రంగునే. మిగిలిన రెండు రంగులను ఇరుగుపొరుగు బిందువులను బట్టి యంత్రం లెక్కగట్టి నింపుతుంది. అనగా డిజిటల్ చిత్రంలో కొంత చూచినది, కొంత ఊహించినది. ఆ ఊహ మితిమీరినప్పుడే చిక్కు.

బిందువుల సంఖ్య పెరిగినకొద్దీ నాణ్యత పెరుగుతుందనుట సామాన్యమైన భ్రమ. 24 మెగాపిక్సెళ్ళ చిత్రంలో 6000 నిలువు వరుసలు, 4000 అడ్డు వరుసలు, అనగా 2 కోట్ల 40 లక్షల బిందువులు ఉంటాయి. సాధారణ కంప్యూటర్ తెరపై ఉండేవి 1920, 1080 వరుసలు, అనగా సుమారు 20 లక్షల బిందువులు. చిత్రమంతా తెరలో ఇమిడినప్పుడు మనకు కనబడేది అసలులో పన్నెండవ వంతు. దూరపు కొండ నునుపుగా ఉండడానికి కారణమిదే! ఇక 8 అంగుళాల వెడల్పు, 10 అంగుళాల పొడవు గల పత్రిక పుటను అంగుళానికి 300 బిందువుల చొప్పున ముద్రించడానికి 72 లక్షల బిందువులు చాలు. బిందువుల లెక్కకన్నా కాంతిని గ్రహించే ఫలకం వైశాల్యము, కటకం శ్రేష్ఠత ముఖ్యమైనవి. పెద్ద కెమెరాలలో ఆ ఫలకం 36 మిల్లీమీటర్ల పొడవు, 24 మిల్లీమీటర్ల వెడల్పు ఉంటుంది. ఫోనులోనిది అంతకన్నా ఎంతో చిన్నది. అందువల్ల చీకటిలో దానికి కాంతి చాలదు.

పరీక్షకు తగిన వస్తువులు మన చుట్టుపక్కలనే కలవు. మధ్యాహ్నపు ఆకాశం ముందు నిలిచిన గోపురాన్నో, మీనారునో తీసి చూడండి. దాని అంచున ఊదారంగు గీత కనబడితే అది కటకం లోపం. తెల్ల సున్నపు గోడ మీది గీతలు మాయమై వట్టి తెలుపే మిగిలితే, ఆ కెమెరా వెలుగును మోయలేదన్నమాట. వేములవాడ మహాశివరాత్రి జాతరలో రాత్రి దీపాల వెలుతురున నడిచే కోడెలను తీస్తే, నీడలలో ఇసుక చల్లినట్టు రవ్వలు లేస్తాయో, వాటిని అణచబోయి యంత్రం ముఖాలను మైనపు బొమ్మలుగా మార్చుతుందో తెలుస్తుంది. సిరిసిల్ల మగ్గం మీది సన్నని నేతను తీస్తే, బట్టలో లేని అలల చారలు కొన్నిసార్లు ప్రత్యక్షమవుతాయి. నేత పోగుల వరుస, కెమెరా బిందువుల వరుస ఒకదానితో ఒకటి పోటీ పడుటే అందుకు హేతువు.

అన్నిటికన్నా కఠినమైన పరీక్ష అక్షరం. ఉర్దూలో ‘బే’కు అడుగున ఒక చుక్క, ‘పే’కు మూడు చుక్కలు. తెలుగులో ‘ద’కు, ‘ధ’కు భేదం ఒక చిన్న గీత. చుక్క చెరిగితే మాట మారుతుంది. ఆ మధ్య మా విద్యార్థి ఒకరు తమ ఊరి పొలంలోని అరిగిన రాతిని ఫోనుతో తీసి తెచ్చారు. అక్షరం స్పష్టంగా ‘ధ’ అనే కనబడింది. మేమూ అట్లే చదివాము. మరునాటి సాయంకాలం ఏటవాలు ఎండలో, దిద్దుబాటు లేని పద్ధతిలో మళ్ళీ తీయగా, ఆ గీత రాతి పగులని తేలింది. పదును పెట్టే ఉత్సాహంలో ఫోను పగులును అక్షరంగా మలచింది! మేము సిగ్గుపడ్డాము. ఇది ఫోనులకే పరిమితమైన జబ్బు కాదు. జిరాక్స్ సంస్థ యంత్రాలు కొన్ని స్కాన్ చేసిన కాగితాలలో 6 అనే అంకె 8గా మారుతున్నదని 2013లో జర్మనీకి చెందిన డేవిడ్ క్రీజెల్ వెల్లడించారు. పోలిక గల ముక్కలను ఒకటిగా భావించి యంత్రం ఒకే అచ్చును వాడుటే అందుకు కారణం. అంకెలు మసకబారలేదు; స్పష్టంగానే తప్పుగా ఉన్నాయి.

కరీంనగర్ జిల్లా గంగాధర మండలంలో కురిక్యాల సమీపాన బొమ్మలగుట్ట ఉన్నది. వేములవాడ చాళుక్యుల ఆస్థానకవి పంపని తమ్ముడు జినవల్లభుడు అక్కడ సంస్కృతం, కన్నడం, తెలుగులలో శాసనం చెక్కించాడు. పదవ శతాబ్దికి చెందిన ఆ శాసనంలోని తెలుగు కందపద్యాలు మన భాషకు అమూల్యమైన సాక్ష్యాలు. ఎండవానలకు రాయి అరుగుతుంది. రేపు ఛాయాచిత్రమే సాక్షి కావచ్చు. సాక్షి అందగాడు కానక్కరలేదు, అబద్ధం చెప్పకుంటే చాలు.

కాబట్టి కళాశాలకు కెమెరా కొనునప్పుడు కమిటీ పెద్దలు ఈ జాగ్రత్తలు వహించవలెనని మా మనవి. అంగడివారి నమూనాలను నమ్మక, పోల్చదలచిన కెమెరాలతో ఒకే వస్తువును, ఒకే వెలుతురులో, కదలని పీఠంపై నుంచి తీయించాలి. చిత్రంలోని ఒక్కొక్క బిందువు తెరపై ఒక్కొక్క బిందువుగా కనబడేంత పెద్దది చేసి నడుమను, నాలుగు మూలలను చూడాలి. పిమ్మట అన్నిటినీ ఒకే కొలతలో ముద్రించి సరిపోల్చాలి. లేనిచో ఎక్కువ బిందువుల కెమెరాకు అన్యాయం జరుగుతుంది. దిద్దని మూలచిత్రాన్ని భద్రపరచాలి. ఇక విద్యార్థులు చిత్రాన్ని చూచి “ఎంత బాగున్నది!” అనుటతో ఆగక, “ఇది ఎంతవరకు నిజము?” అని కూడ అడుగుట అలవరచుకొందురని ఆశిస్తున్నాము.