పనిముట్టు చీటియు, దాని పరీక్షయు

రసాయన ప్రయోగశాలలో నొక సీసాపై "గంధకామ్లము" అని మాత్రమే వ్రాసియున్నదనుకొందము. ఆ మాట యబద్ధము కాదు. అయినను దానిని తెమ్మని పంపబడిన క్రొత్త విద్యార్థికి అది గాఢమైనదో, నీరు కలిపినదో తెలియదు. ఏండ్ల తరబడి యచ్చట పనిచేయు ఉపాధ్యాయునకు సీసా యున్న యరను బట్టియే తెలియును. కావున చీటిలోని లోపము ఆయన కంటబడదు. ఇట్టి చీటీల సంగతియే నేడు కృత్రిమ మేధను నిర్మించువారిని మిక్కిలి శ్రమపెట్టుచున్నది.

భాషానమూనా యనునది మాటలను కూర్చగలదే కాని, తనంతట తాను ఫైలు తెరవజాలదు, టిక్కెట్టు కొనజాలదు. అట్టి పనులకై దానికి పనిముట్లు నిచ్చెదరు. చెప్పిన పనిని మెట్లు మెట్లుగా విడదీసికొని, కావలసిన పనిముట్టును పిలిచి నెరవేర్చునప్పుడు దానిని ఏజెంటు అందురు. ప్రతి పనిముట్టునకు నొక పేరు, కొన్ని వాక్యముల వివరణము, ఏయే గడులు నింపి పంపవలెనో తెలుపు పట్టిక యుండును. సామాన్యముగా ఏజెంటు పనిముట్టు లోపలి యంత్రమును చూడదు. ఈ మూడింటినే చదివి నిర్ణయించుకొనును. 2023 జూనులో ఓపెన్ ఏఐ సంస్థ యీ సౌకర్యమును తన నమూనాలకు చేర్చెను. 2024 నవంబరులో ఆంత్రోపిక్ సంస్థ 'మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్' అను ఉమ్మడి యేర్పాటును ప్రకటించిన పిమ్మట, ఒకరు చేసిన పనిముట్టును వేఱొకరి యేజెంటు వాడుకొనుట సులభమైనది. వ్రాసినవారు చదువుదాని ప్రక్కన నుండరు గదా, చీటియే యన్నియు చెప్పవలెను.

ఆ చీటి బాగున్నదో లేదో తెలియుట యెట్లు? చదివి తల యూపుట పరీక్ష కాదు. ఒక గ్రంథాలయములో నిట్టి ఏజెంటు ఉన్నదనుకొందము. దానికి రెండు పనిముట్లు: ఒకటి పుస్తకమున్నదో లేదో వెదకును, రెండవది పుస్తకమును అడిగినవారి పేర వ్రాసి యిచ్చును. రెండింటి క్రిందను "పుస్తకముల సంగతి చూచును" అని వ్రాసియున్నచో, "భూగోళ పుస్తకమున్నదా?" యని యొక బాలిక యడిగినంతనే ఆ పుస్తకము ఆమె పేర నెక్కిపోవచ్చును. గడువు దాటిన తరువాత జరిమానా యెవరిది?

పరీక్షించువారు ముందుగా, సరియైన జవాబు తమకు తెలిసిన కోరికలను కొన్ని పదులు వ్రాసికొందురు. తక్కినవన్నియు నట్లేయుంచి వివరణమును మాత్రమే మార్చి, ఏజెంటు ఎన్నిమారులు తగిన పనిముట్టును పట్టినది, గడులను సరిగా నింపినది లెక్కింతురు. 'తేది' అని మాత్రమున్న గడిలో 03-04 అని నింపినచో మనకది ఏప్రిల్ 3, అమెరికావారికి మార్చి 4. ఏ పనిముట్టును తగని కోరికలనుగూడ కలుపవలెను; గ్రంథాలయపు కప్పు కురియుచున్నదని చెప్పినప్పుడు ఏజెంటు దేనిని ముట్టుకొనకుండుటయే సరియైన జవాబు. బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమువారి పరీక్షలో నిట్టి ప్రశ్నలు కలవు. మఱియు కొన్ని ప్రశ్నలను దాచియుంచవలెను. చేతనున్న ప్రశ్నలకే యొప్పునట్లు చీటిని దిద్దుకొనుట, ప్రశ్నపత్రమును ముందే చూచి చదువుట వంటిది.

ఒక్కమారు సరిగా చేసినంత మాత్రమున చాలదు. ఒకే కోరికకు ఏజెంటు నేడొక తీరున, రేపొక తీరున నడచును. 2024లో సియెరా సంస్థవారు ప్రకటించిన 'టౌ-బెంచ్' అను పరీక్ష వివరణములను గూర్చినది కాదు, ఏజెంటులను గూర్చినదే. అయినను దాని ఫలితము తలచుకొనదగినది. జీపీటీ-4ఓ వంటి మేలైన నమూనాలు సైతము సగము పనులనైనను నెరవేర్చలేకపోయెను. దుకాణపు వ్యవహారములలో, ఒకే పనిని ఎనిమిది మారులిచ్చినప్పుడు ఎనిమిదింటను తప్పక చేసినవి నూటికి 25 కంటె తక్కువ.

మార్కులు తప్పున్నదని చెప్పునే కాని యెచ్చట నున్నదో చెప్పవు. అందుకు ఏజెంటు నడచిన దారినంతయు వరుసగా చదువవలెను. విసుగు పుట్టించు పనియే, కాని ఫలమిచ్చునది. ఆంత్రోపిక్‌వారు తమ యేజెంటుచే ప్రోగ్రాములు దిద్దించుచుండగా, అది మొదటి చోటు విడిచి లోపలి ఫోల్డరునకు పోయిన తరువాత ఫైళ్లను తప్పుగా పేర్కొనుచుండెను. "ఇచ్చటినుండి రెండవ వీధి" యని చెప్పిన గుర్తు, నిలిచిన చోటు మారగనే చెడును గదా! ఎల్లప్పుడు పూర్తి చిరునామానే వ్రాయవలెనని పనిముట్టును సవరింపగా ఆ పొరపాటు నిలిచిపోయినది. మఱియొకమారు వారి క్లాడ్, వెదకు పనిముట్టునకు పంపు ప్రతి ప్రశ్న చివరను అనవసరముగా '2025' అని తగిలించుచుండెను. వివరణమును సరిదిద్దిన పిమ్మట ఆ యలవాటు పోయెను. ఈ రెంటను భాషానమూనా మారలేదని చదువరులు గమనింపగోరుచున్నాము. ఏజెంటు తప్పినప్పుడెల్ల దాని తెలివినే నిందించుట న్యాయము కాదని మా యభిప్రాయము.

వివరణమును పెంచుకొనిపోయినను చిక్కే. పనిముట్లు నూఱున్నచో చీటీలన్నియు ఏజెంటు చదువవలసిన పుటలలోనికే చేరి, అడిగినవారి మాటకు చోటు తగ్గించును.

తుడిచివేయునట్టియు, సొమ్ము పంపునట్టియు పనిముట్ల విషయము వేఱు. వాటి చీటి పరీక్షలో నూటికి 99 మారులు నెగ్గినను, మిగిలిన యా యొక్కమారు పోయిన సొమ్ము ఎవరో యొకరిది. కనుక అట్టి పనిముట్టును ఏజెంటు పిలిచినప్పుడు, మనుష్యుడొకడు చూచి యనుమతించువరకు పని జరుగకుండ తాళము వేయుట కూడ పలుచోట్ల ఆచారముగా నున్నది.