గడపకు రెండు దారులు: ఇంటి నెట్‌వర్క్‌లో జంట కనెక్షన్లు

1529లో విశ్వనాథ నాయకుడితో మొదలైన మదురై నాయకుల పాలనలోనూ, ఆ చుట్టుపక్కల కాలంలోనూ దక్షిణానికి తరలివెళ్లి మదురై, కోయంబత్తూరు సీమల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో చాలామంది నేటికీ ఇంట్లో తెలుగు, గడప దాటాక తమిళం మాట్లాడుతుంటారు. ఆ ఇళ్లలో కంప్యూటర్ నెట్‌వర్క్ నడిచే తీరూ ఇంచుమించు అదే. ఫోన్లు, కంప్యూటర్లు, టీవీలు సాధారణంగా 192.168తో మొదలయ్యే లోపలి చిరునామాలతో ఒకదాన్నొకటి పలకరించుకుంటాయి. 1996 నాటి అంతర్జాతీయ ప్రమాణం ఇటువంటి అంకెలను లోపలి వాడకానికే కేటాయించినందున అవి ఇంటర్నెట్‌లో చెల్లవు. అందుకే గడపలో నిలిచే రౌటర్ వాటిని బయటి చిరునామాలోకి మార్చి పంపి, వచ్చిన జవాబును అడిగిన పరికరానికే చేరుస్తుంది. ఈ మార్పిడికి నాట్ అని పేరు.

పంపులు, మోటార్లు, వెట్ గ్రైండర్లకు పేరుపొందిన కోయంబత్తూరులో ఇంటినుంచే లెక్కలు చూసి జీఎస్టీ రిటర్నులు దాఖలు చేసేవారికైనా, ఇంట్లో కూర్చుని సాఫ్ట్‌వేర్ కొలువు చేసేవారికైనా ఒక్క ఫైబర్ తీగ తెగితే పనంతా ఆగిపోతుంది. రెండో కనెక్షన్ అవసరం అక్కడే పుడుతుంది. ఇందుకు రెండు వ్యాన్ పోర్టులు, అంటే బయటినుంచి వచ్చే తీగలను గుచ్చే చోట్లు రెండు ఉన్న రౌటర్ కావాలి. ఒక దారి మూసుకుపోయినప్పుడు రెండోది అందుకునే ఏర్పాటు ఫెయిలోవర్. రెండు దారుల మీదా ఎప్పుడూ పని పంచే ఏర్పాటు లోడ్ బ్యాలెన్సింగ్.

ఈ పంపకం మీదే జనానికి భ్రమలెక్కువ. 100 ఎంబీపీఎస్ కనెక్షన్లు రెండున్నంత మాత్రాన ఒక సినిమా 200 వేగంతో దిగదు, ఎందుకంటే మామూలుగా ఏ సంభాషణైనా మొదలైన దారిలోనే ముగుస్తుంది; నలుగురు నాలుగు పనులు చేసుకునే ఇంట్లోనే దానివల్ల లాభం. పైగా బ్యాంకు సైటులో ఉండగా దారి మారితే బయటి చిరునామా కూడా మారి, సైటు అనుమానంతో లాగౌట్ చేయవచ్చు. మామూలు ఇంటికి ఫెయిలోవరే మేలు.

అయితే అదీ తెలివిగా అమర్చుకోవాలి. వీధి చివర ఫైబర్ తెగినా, దాన్ని ఇంట్లోకి తెచ్చే ఓఎన్‌టీ పెట్టె పనిచేస్తున్నంతసేపూ రౌటర్ పోర్టులో దీపం వెలుగుతూనే ఉంటుంది కాబట్టి, దారి బాగానే ఉందని రౌటర్ నమ్ముతుంది. 8.8.8.8 వంటి బయటి చిరునామాను కొన్ని సెకన్లకోసారి పలకరించి, జవాబు రాకపోతే దారి మార్చేలా అమర్చినప్పుడే ఆ పొరపాటు తప్పుతుంది. రెండు సంస్థల తీగలూ ఒకే స్తంభం మీదుగా వస్తే ఒక్క లారీ రెండింటినీ తెంచగలదు కనుక, రెండో దారి 4జీయో 5జీయో కావడం మంచిది. కరెంటు పోయినప్పుడు ఓఎన్‌టీ, రౌటర్ రెండూ ఇన్వర్టర్ మీద నడవాలి. ఒకటే నడిస్తే ఫైబర్ దారి పనిచేయదు.

పాత ఇళ్ల మందపాటి గోడలను 5 గిగాహెర్ట్జ్ వైఫై సరిగా దాటలేదు గనుక పెరటి గదికి తీగ లాగి మరో రౌటర్ పెట్టడం పరిపాటి. లోపలి చిరునామాలు పంచే డీహెచ్‌సీపీ పనిని మొదటి రౌటర్‌కే వదిలి రెండోదానిలో ఆపేయాలి, లేకుంటే ఇద్దరు పెద్దలు రెండు రకాలుగా ఆజ్ఞాపించిన ఇల్లవుతుంది. అంతా అమర్చాక మొదటి తీగను చేత్తో పీకి, ఇంటర్నెట్ ఎంతసేపట్లో తిరిగి వస్తుందో ఒకసారి చూసుకోవాలి.