మీఖాత్ ఆకాశంలోనే వస్తుంది!

ఉమ్రా టికెట్లు చేతికి రాగానే ఇంటిల్లిపాదీ వాటి చుట్టూ చేరాం. హైదరాబాదులో బయలుదేరేది ఉదయం పదింటికి, జిద్దా చేరేది మధ్యాహ్నం ఒకటిన్నరకు. "మూడున్నర గంటలేనా! విజయవాడ బస్సు కంటే నయమే" అని అమ్మీ సంబరపడింది. లెక్క అది కాదని ఆమెకు నచ్చజెప్పడానికి మాకు చాలాసేపే పట్టింది.

హైదరాబాదు నుంచి జిద్దాకు ఆకాశమార్గాన దూరం సుమారు 4,100 కిలోమీటర్లు. విమానానికి దాదాపు ఆరు గంటలు పడుతుంది. రెండు నగరాల మధ్య 39 డిగ్రీల రేఖాంశ భేదం ఉంది. ఒక్కో డిగ్రీ దాటడానికి సూర్యుడికి నాలుగు నిమిషాలు. అందుకే సౌదీ గడియారం మనకంటే రెండున్నర గంటలు వెనుక నడుస్తుంది. టికెట్ మీద ఏ ఊరి సమయం ఆ ఊరిదే. తిరుగు ప్రయాణంలో లెక్క తారుమారవుతుంది. రాత్రి ఎనిమిదింటికి జిద్దాలో ఎక్కితే ఇక్కడ దిగేసరికి తెల్లవారుజామున నాలుగవుతుంది. కాగితం మీద ఎనిమిది గంటలు, కూర్చున్నది అయిదున్నరే. చలికాలంలో పడమటి గాలి వెనక నుంచి తోసి ఇంకాస్త తొందరగా చేరుస్తుంది.

మన పెద్దలు ముంబై నుంచి ఓడలో వెళ్లేవారు. సముద్రం మీద వారం పైగా గడిచేది. 1995తో ఆ ఓడ ప్రయాణం ఆగిపోయింది. ఓడలో మనసును సిద్ధం చేసుకోవడానికి రోజులు దొరికేవి. విమానంలో దొరికేవి నిమిషాలే.

అసలు జాగ్రత్త పడవలసింది ఇక్కడే. మక్కాకు వెళ్లేవారు ఇహ్రామ్ లేకుండా దాటకూడని హద్దు మీఖాత్. అరేబియా భూభాగం మీదుగా వెళ్లే మన విమానాలు సాధారణంగా తాయిఫ్ దగ్గరి ఖర్న్ అల్ మనాజిల్ హద్దును దాటి జిద్దాలో దిగుతాయి. అంటే నేల మీద కాలు పెట్టకముందే మీఖాత్ దాటిపోతుంది. పూర్తి వేగంలో విమానం నిమిషానికి 14 కిలోమీటర్లు పోతుంది. నియ్యత్ చేయకుండా హద్దు దాటితే వెనక్కి మీఖాత్‌కు వెళ్లాలి, లేదా దమ్ (బలి) ఇవ్వాలి.

మా పక్క సీటులో గుంటూరు వైపు పెద్దాయన ఒకరు కూర్చున్నారు. మీఖాత్ దగ్గర పడుతోందని ప్రకటన రాగానే ఆయన ముఖం వాడిపోయింది. "బాబూ, ఇహ్రామ్ బట్టలు పెద్ద పెట్టెలో వేసేశాను. అది విమానం కడుపులో ఉంది" అన్నారు. అదృష్టవశాత్తూ అబ్బాజాన్ చేతిసంచిలో ఇంకో జత ఉంది. "తీసుకోండి చాచా" అని ఇచ్చాం. మరుగుదొడ్డి ముందు అప్పటికే పెద్ద వరుస. ముందున్నవారు దారిచ్చారు గనుక సరిపోయింది. ఆయన తిరిగొచ్చి తల్బియా అందుకుంటే మా కళ్లూ చెమర్చాయి.

కనుక ప్రయాణికులకు మా మనవి: గుసుల్ ఇంట్లోనే ముగించండి. ఇహ్రామ్ వస్త్రాలు విమానం ఎక్కకముందే ధరించండి, లేదా చేతిసంచిలో ఉంచుకోండి. ప్రకటన వచ్చేవరకు నిద్రపోకుండా, కాస్త ముందే నియ్యత్ చేసుకోండి. మొదట మదీనాకు వెళ్లేవారికి ఈ తొందర లేదు. వారి మీఖాత్ మదీనా శివార్లలోని జుల్ హులైఫా. ఏ సందేహమున్నా బయలుదేరకముందే ఆలిములను అడగండి.

ఆరు గంటల దారి చిన్నదే. దానికి సిద్ధపడే మనసును అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.