దుమ్మే కదా అని తుడిచేస్తే పోదు

గాలి కాలుష్యం అంటే ఢిల్లీ గొడవ, మన సోమందేపల్లికేంది అనుకుంటాం. మనకు పొగ కమ్ముకోదు, నిజమే. మన ముప్పు వేరే: రాతి దుమ్ము.

మన పక్క గుట్టలన్నీ గ్రానైటే. ఆ రాయిలో సిలికా ఉంటాది. కంకర కొట్టినా, రాయి కోసినా, డ్రిల్లేసినా అది పొడై గాల్లో కలుస్తాది. కండ్లకు కనపడే దుమ్ము ముక్కులోనో గొంతులోనో ఆగి, చీదితే బయటికొస్తాది. కనపడనంత సన్నదే అసలు ముప్పు. అది ఊపిరితిత్తుల అడుక్కు పోయి ఆడ్నే ఉండిపోతాది. దాని చుట్టూ మానిన పుండు మచ్చ మాదిరి గట్టిపడి, ఏండ్లు గడిచేకొద్దీ ఊపిరితిత్తి బిగుసుకుంటాది. అదే సిలికోసిస్. నయం చేసే మందు లేదు. ఈ దుమ్ము క్యాన్సర్ కూడా తెస్తాదని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1997లోనే తేల్చింది.

ఇంకో చిక్కుంది. దగ్గు, ఆయాసం, బక్కచిక్కడం, అన్నీ టీబీ మాదిరే. సిలికోసిస్ ఉన్నోళ్లకు టీబీ కూడా తొందరగా వస్తాది. డాక్టరు "ఏం పని చేస్తావప్పా?" అని అడగకపోతే, మనమూ చెప్పకపోతే, అసలు రోగం పేరు కాగితం మీదికే రాదు. కాగితం లేంది పరిహారం రాదు. గుజరాత్‌లో రాతిపొడి ఫ్యాక్టరీలకు పోయి సచ్చిపోయిన 238 మంది మధ్యప్రదేశ్ కూలీల కుటుంబాలకు తలా 3 లక్షలు ఇయ్యాలని 2016లో సుప్రీంకోర్టు చెప్పింది. రోగం పేరు బయటపెట్టి కొట్లాడినందుకే అది వచ్చింది.

మరి మన గాలిని కొలిచేదెవరు? కేంద్రం 2019లో పెట్టిన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమంలో అనంతపురం ఉంది. కానీ అది నగరాల లెక్క. పల్లె అందులో లేదు.

క్రషర్లు మూసేయమని కాదు, కూలి పోతే పొయ్యి వెలగదు. రూల్స్ ఇప్పటికే ఉండాయి: మిషన్లకు కప్పు, నీళ్లు చల్లడం, గాలికి అడ్డంగా గోడ, చుట్టూ చెట్లు. ఇవి లేకపోతే ఫొటో తీయండి, తేదీ రాయండి, కాలుష్య నియంత్రణ మండలికి పంపండి. క్రషర్‌కిచ్చిన అనుమతి కాగితం సమాచార హక్కు కింద అడగండి. మూతికి కట్టే తువాలు సన్న దుమ్మును ఆపదు, ఎన్95 మాస్క్ యజమానే ఇయ్యాల.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీ ఇంట్లో రాతి పని చేసేటోళ్లు దగ్గుతాంటే ఆస్పత్రిలో మొదట చెప్పాల్సిన మాట ఒకటే: "మా నాయన రాతి దుమ్ములో పనిచేస్తాడు, ఎక్స్‌రే తీయండి."