లావు అక్షరము, వాలు అక్షరము

గూడూరు మీదుగా మచిలీపట్నము పోవు దారిలోనైనను, మరి ఏ ఊరి బజారులోనైనను అంగడి పలకలను గమనించినచో, లావై, గుండ్రనై, కుడివైపునకు ఒరిగిన అక్షరములు కొన్ని కనబడును. దూరమునుండి చూపును పిలుచుటయే వాని పని. పుస్తకమును చదివించు అక్షరము వేరు, పలకను చదివించు అక్షరము వేరు. ఈ రెండవదానికి తెలుగున ఎంత స్వేచ్ఛ కలదో, ఎక్కడ హద్దు కలదో విచారింతము.

అచ్చులో వాలు అక్షరమునకు ఆద్యులు ఇటలీవారు. 1501లో వెనిస్ నగరమున ఆల్డస్ మనూషియస్ తన చిన్న పుస్తకములను ఆ అక్షరములతో అచ్చువేసెను; వానిని చెక్కినవాడు ఫ్రాంచెస్కో గ్రిఫో. రోమను అక్షరముల కొనలందుండు చిన్న గీతలను సెరిఫులందురు. అవి లేని అచ్చు 1816లో లండనునందు విలియం కాస్లన్ నాలుగవవాని నమూనా పుస్తకమున వెలువడెను. ఆ గీతలు అలంకారములే గనుక, తీసివేసినను అక్షరము చెడలేదు.

మన తలకట్టు అట్టిది కాదు. 'క' మీది తలకట్టు అకారమునకు గుర్తు. గుడి వచ్చినచో అది తొలగి 'కి' యగును. 'ప'లో తలకట్టు విడిగా నిలుచును, 'వ'లో అంటుకొనును. గీత లావై ఆ నడిమి సందు పూడినచో 'పరము' 'వరము'గా కనబడును! కావున తలకట్టు కొనను నునుపు చేయవచ్చును గాని, దానిని తొలగింపరాదు, అంటింపరాదు.

గుండ్రదనము మనకు పుట్టుకతో వచ్చినది. చిక్కెల్ల లావుతోనే. గీత లావగుకొలది లోపలి తెలుపు తగ్గును. 'థ' కడుపులోని చుక్క కలిసిపోయినచో 'కథ' చెడును. గుడిదీర్ఘపు మలుపు మూసుకొనిపోయినచో 'వీధి' 'విధి' యగును. పెడనలో కలంకారీ అద్దకమునకు చెక్క అచ్చులు చెక్కువారికి ఈ న్యాయము తెలిసినదే: గీతల నడుమ చోటు చాలనిచో రంగు కలిసి, తీగయు పూవును ఒకటియగును.

ఇక వాలు. కంప్యూటరు అక్షరమును యాంత్రికముగా వంచినపుడు, పాదరేఖకు పైభాగము కుడికిని, క్రిందిభాగము ఎడమకును జరుగును. రోమను లిపిలో క్రిందికి దిగునవి కొలదియే. మన వత్తులో, పెక్కు క్రిందనే నిలుచును. 'మచిలీపట్నము'లో టకారము కుడికి ఒరుగుచుండ, దాని నావత్తు ఎడమనున్న పకారమువైపు జరుగును. అందుచే వాలు అక్షరమున వత్తుల స్థానమును మనుష్యుడే చూచి సరిదిద్దవలెను.

పురుషోత్ కుమార్ గుత్తుల రూపొందించిన తెలుగు అక్షరములు కొన్ని 2013లో సిలికానాంధ్ర సంస్థ ద్వారా అందరికిని ఉచితముగా లభించినవి. వానిలో 'మండలి' అనునది దివిసీమ నాయకులైన మండలి వెంకట కృష్ణారావుగారి పేర వెలసినది. అది వార్తలకు, గ్రంథములకు తగినది. 'రామభద్ర' శీర్షికలకు, ప్రకటనలకు తగిన లావు అక్షరము. వీనిని మార్చుకొనుటకును అనుమతి కలదు గనుక, వాలు రూపము కావలసినవారు వానిపై పని సాగింపవచ్చును.

పరీక్ష సులభము. పలక వ్రాయించువారు 'పరము, కథ, వీధి, మచిలీపట్నము' అను నాలుగు మాటలను ముందుగా ఆ అక్షరములలో వ్రాయించి, వీధికి ఆవలి ప్రక్కనుండి చదివింపవలెను. తడబడక చదివినచో ఆ అక్షరము మంచిది; తడబడినచో అది ఎంత అందమైనదైనను పలకకు పనికిరాదు.