మొవ్వు మీద మనసు

పామ్ జాతి చెట్లను సేకరించి పెంచే అభిరుచి చాలామందిలో ఒక్క చెట్టుతోనే మొదలవుతుంది. ఇంటి ముందు అందం కోసం ఒకటి నాటుతారు. కొన్నాళ్లకు దాని సరైన పేరేమిటో తెలుసుకోవాలనిపిస్తుంది. వెతుకుతూ పోతే, ‘పామ్’ అని ఒక్క మాటలో తేల్చేసిన ఆ కుటుంబంలో 180కి పైగా ప్రజాతులు, సుమారు 2,600 జాతులు ఉన్నాయని బయటపడుతుంది. మోకాలెత్తు దాటని పొదలున్నాయి. అడవి చెట్ల మీదికి ఎగబాకే పేము కూడా ఈ కుటుంబానిదే. కొలంబియా కొండల్లోని మైనపు పామ్ 60 మీటర్ల ఎత్తు పెరుగుతుంది. ఆఫ్రికాలోని రాఫియా ఒక్కో ఆకు 25 మీటర్ల పొడవు సాగుతుంది. పెరట్లో ఉన్నది వేలల్లో ఒకటి మాత్రమేనని తెలిశాక రెండోది, మూడోది కావాలనిపిస్తుంది. కొన్నేళ్లు గడిచేసరికి తోటలో ఖాళీ జాగా మిగలదు.

తెలుగువారు ఈ కుటుంబం మధ్యే పుట్టి పెరుగుతారు. తాడి, ఈత, కొబ్బరి, పోక, మన్యంలో జీలుగ, ఇవన్నీ పామ్‌లే. ఒక్కోదానికి వేరే పేరు, వేరే పని ఉన్నాయి కానీ అన్నిటినీ కలిపి పిలిచే మాట వాడుకలో లేదు. అందుకే నర్సరీల్లో ‘పామ్’ అనే మాటే స్థిరపడింది. పండితులు మాత్రం ఈ చుట్టరికాన్ని ఏనాడో పసిగట్టారు. అమరకోశం వీటిని తృణద్రుమాలని, అంటే గడ్డిజాతి చెట్లని ఒకచోట చేర్చి, తాడికి తృణరాజమని పేరు పెట్టింది. ఆధునిక వృక్షశాస్త్రం కూడా గడ్డినీ తాడినీ ఏకదళబీజాల్లోనే చేరుస్తుంది. పద్దెనిమిదో శతాబ్దంలో వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ వీటిని ‘ప్రిన్సిపీస్’ అన్నాడు. వృక్షలోకపు రాకుమారులని ఆ మాటకు అర్థం.

ఈ అభిరుచి ఇంత గాఢంగా ఎందుకు పట్టుకుంటుందో తెలియాలంటే చెట్టు నిర్మాణాన్ని చూడాలి. మామిడి మానులా తాడిమాను ఏటేటా వలయాలు వేసుకుంటూ లావెక్కదు. చాలా జాతుల్లో మానుకు ఒకటే పెరుగుదల మొన, అదే నడినెత్తిన ఉండే మొవ్వు. మొవ్వు కుళ్లినా, ఎర్రముక్కు పురుగు దాన్ని తొలిచేసినా చెట్టు బతకదు. తుపాను తర్వాత కోనసీమ రైతు తలెత్తి ముందుగా చూసేది కొబ్బరి మొవ్వునే. పక్క కొమ్మ వేసి మళ్లీ లేచే అవకాశం ఆ చెట్టుకు లేదు.

అందువల్లే గులాబీ, మామిడి పెంచేవారికి ఉన్న సులువు పామ్ పెంపకందారుకు లేదు. కొమ్మ తుంచి నాటడానికి కొమ్మే ఉండదు. అంటు కట్టడం కుదరదు. ఖర్జూరంలా పిలకలు వేసే కొన్ని జాతులను పక్కన పెడితే మిగతావన్నీ విత్తనం నుంచే రావాలి. ఆ విత్తనాల్లో చాలావాటిని ఎండబెట్టి దాచలేం. ఆరిపోతే చచ్చిపోతాయి. పండిన కొద్ది వారాల్లోనే నేలకు చేరాలి. మడగాస్కర్‌లో కాసిన కాయ హవాయిలో మొలవాలంటే అక్కడ కాయ కోసి, గుజ్జు కడిగి, తడి ఆరకుండా కట్టి పంపే మనిషి ఒకరుండాలి. డబ్బు ఒక్కటే చాలదు, స్నేహం కావాలి. పామ్ ప్రేమికులు ఒంటరిగా ఉండకుండా సంఘాలుగా ఏర్పడటానికి అసలు కారణం ఇదే.

విత్తనం చేతికి వచ్చాక ఓపికకు పరీక్ష మొదలవుతుంది. గుజ్జంతా తీసి, కొన్ని రోజులు నానబెట్టి, తేమ ఉన్న కొబ్బరిపొట్టులో వెచ్చగా ఉంచుతారు. కొన్ని జాతులు రెండు మూడు వారాల్లో మొలుస్తాయి. కొన్నిటికి ఏడాది పైనే పడుతుంది. ఆరు నెలలు చూసి కుండీ బోర్లించేసినవారు ఆ తప్పు రెండోసారి చేయరు.

మొలకెత్తే తీరులో తెలుగువారికి బాగా తెలిసిన విశేషం ఒకటుంది. తాటి టెంకను పాతరేస్తే మొలక పైకి రాదు. గొట్టంలాంటి మొలక ముందు నేలలోకి దిగుతుంది. పిల్లమొక్క ఆ లోతులో, టెంకకు దూరంగా తయారవుతుంది. ఆ దశలో తవ్వి తీసిందే చలికాలంలో కాల్చుకునో ఉడకబెట్టుకునో తినే తేగ. టెంక పగలగొడితే దొరికే తియ్యని బుర్రగుంజు, లోపలి ఆహారాన్ని పీల్చి మొలకకు అందించే భాగం. వెండిరంగు ఆకుల మడగాస్కర్ బిస్మార్కియా, సీషెల్స్ దీవుల జంట కొబ్బరి కూడా ఇలాగే మొలుస్తాయి. అందుకే సేకర్తలు వీటిని లోతైన కుండీల్లో వేస్తారు, ఒకసారి పాతుకున్నాక కదిలించరు. తేగలు తవ్వే పల్లెవాసికి చూపుతోనే తెలిసిన ఈ సంగతిని విదేశీ అభిరుచికారులు పుస్తకాలు చదివి నేర్చుకుంటారు.

మొలిచిన తర్వాత కూడా మాను వెంటనే కనిపించదు. చెట్టు ముందు నేలమట్టంలోనే తన పూర్తి లావును సమకూర్చుకుంటుంది, ఆ తర్వాతే పైకి లేస్తుంది. కొన్ని జాతుల్లో ఇందుకు పదేళ్లు దాటుతాయి. శ్రీతాళం ముప్ఫై నుంచి ఎనభై ఏళ్లు పెరిగి, నెత్తిన కొమ్మలు కొమ్మలుగా పెద్ద పూగుత్తి ఎత్తి, ఒకేసారి కాసి చనిపోతుంది. నడివయసులో దాన్ని నాటినవారు ఆ పూత చూడకపోవచ్చు. అయినా నాటుతారు. వారిని నిలబెట్టేది ఆకు. న్యూ కలెడోనియాకు చెందిన ఒక చాంబెరోనియా జాతిలో కొత్త ఆకు ఎర్రగా విచ్చుకుని, కొన్ని రోజులు అలా వెలిగి, తర్వాత పచ్చబడుతుంది. ఏడాదికి రెండు మూడు ఆకులు మించి వేయని చెట్టు కింద ఆ కొద్ది రోజుల కోసం నిలబడి ఎదురుచూసేవారున్నారు. ఆ ఎదురుచూపును పిచ్చి అనలేం, చెట్టుతో కలిసి బతకడం అది.

చరిత్రలో ఒక్క చెట్టు ఒక మనిషి ఆలోచనను మలుపు తిప్పిన సందర్భమూ ఉంది. ఇటలీలోని పాదువా వృక్షోద్యానంలో 1585లో ఒక మధ్యధరా ఫ్యాన్ పామ్ నాటారు. జర్మన్ కవి గేథే 1786లో దాన్ని చూశాడు. ఆకులు కిందినుంచి పైకి ఆకారం మార్చుకుంటున్న తీరు ఆయన మనసులో పడింది. 1790లో మొక్కల రూపపరిణామంపై ఆయన రాసిన గ్రంథానికి ఆ పరిశీలన తోడ్పడింది. ఆ చెట్టుకు ఇప్పటికీ ‘గేథే పామ్’ అనే పేరు. ఆ తర్వాతి తరంలో వృక్షశాస్త్రవేత్త మార్షియస్ 1817 నుంచి 1820 దాకా బ్రెజిల్ తిరిగి వచ్చి, పామ్‌ల మీద మూడు భారీ సంపుటాలు వెలువరించాడు. లండన్ క్యూ గార్డెన్స్‌లో 1844, 1848 మధ్య ఇనుము, గాజులతో పామ్ హౌస్ లేచింది. ఆ ఉద్యానంలోనే మరో గాజు భవనంలో, చిలీ విత్తనం నుంచి పెరిగిన ఒక జుబేయా పామ్ నూటయాభై ఏళ్లకు పైగా ఎదిగి పైకప్పును తాకడంతో చివరకు కొట్టేయక తప్పలేదు.

అమెరికాలో ఈ అభిరుచికి పెద్దదిక్కు లిబర్టీ హైడ్ బెయిలీ. కార్నెల్ విశ్వవిద్యాలయంలో ఉద్యానశాస్త్రానికి పునాదులు వేసిన ఆయన ముదిమిలో పామ్‌ల వైపు మళ్లాడు. 1948 మార్చిలో తొంభయ్యో పుట్టినరోజు పండుగకు అందరూ సిద్ధమవుతుంటే, ఆయన కరీబియన్ దీవుల్లో పామ్ నమూనాలు ఏరుకుంటూ ఉండిపోయాడు. వేడుక ఆయన తిరిగి వచ్చాకే జరిగింది. ఫ్లోరిడాలో రాబర్ట్ మాంట్‌గోమరీ అనే అకౌంటెంట్ 1932లో సొంత స్థలంలో పామ్‌లు నాటడం మొదలుపెట్టాడు. మొక్కల అన్వేషకుడు డేవిడ్ ఫెయిర్‌చైల్డ్ పేరిట 1938లో తెరిచిన ఉద్యానం వెనుక ఉన్నదీ ఆయనే. 1956లో డేటోనా బీచ్ వాసి డెంట్ స్మిత్ పామ్ సొసైటీని స్థాపించాడు. తర్వాత అది అంతర్జాతీయ పామ్ సొసైటీ అయింది. లిన్నేయస్ మాటనే పేరుగా పెట్టుకుని ‘ప్రిన్సిపీస్’ అనే పత్రిక వెలువరించింది. 1999 నుంచి ఆ పత్రిక పేరు ‘పామ్స్’. శాస్త్రవేత్త, తోటమాలి, డాక్టరు, వ్యాపారి ఒకే పత్రికలో పక్కపక్కన రాయడం ఈ రంగానికున్న గొప్ప బలం.

సేకర్తలందరిలోకీ కవి డబ్ల్యూ. ఎస్. మెర్విన్ కథ ప్రత్యేకం. రెండుసార్లు పులిట్జర్ బహుమతి అందుకున్న ఈ అమెరికన్ కవి 1977లో హవాయిలోని మావీ దీవిలో కొంత నేల కొన్నాడు. అనాస సాగుతో సారం చచ్చి, బీడుగా మిగిలిన భూమి అది. స్థానిక అడవిని తిరిగి తేవాలని ఆయన మొదట ప్రయత్నించాడు. ఆ చెట్లు నిలదొక్కుకోలేదు. పామ్‌లు నిలబడ్డాయి. హవాయికి సహజమైన పామ్‌లు ప్రిచార్డియా ప్రజాతి ఒక్కటే. వాటిని అక్కడివారు ‘లౌలు’ అంటారు. వాటితో మొదలైన ఆసక్తి లోకంలోని జాతులన్నిటికీ పాకింది. పొద్దున్న రాత, మధ్యాహ్నం మట్టి పని. విత్తనం వేసి, కుండీలో పెంచి, గుంత తీసి, ఒక్కొక్కటిగా నాటుకుంటూ పోయాడు. నలభై ఏళ్లలో 19 ఎకరాల్లో 400కు పైగా జాతులు, 2,700కు పైగా చెట్లు నిలిచాయి. రాలిన ఆకులే ఆ నేలకు మళ్లీ మట్టి అయ్యాయి. 2019లో 91 ఏళ్ల వయసులో ఆయన కన్నుమూశాడు. ఆ వనాన్ని ఇప్పుడు ఒక సంరక్షణ సంస్థ చూసుకుంటోంది. చచ్చిన నేల మీద ఒక మనిషి చేతులతో లేచిన అడవి అది. ఈ అభిరుచి విలువ ఎంతని అడిగేవారికి అంతకంటే మంచి జవాబు దొరకదు.

వెచ్చని దేశాలవారికే పరిమితమైన ఇష్టం కాదిది. మంచు పడే ఇంగ్లండులోనూ పామ్ పెంచేవారున్నారు. మొక్కల అన్వేషకుడు రాబర్ట్ ఫార్చ్యూన్ 1849లో చైనా నుంచి పంపిన ట్రాకికార్పస్ అనే పామ్ గడ్డకట్టే చలిని తట్టుకుంటుంది. అక్కడి పెంపకందారులు చలికాలంలో ఆకులన్నీ కలిపి కట్టి, మొవ్వుకు గోనె చుట్టి కాపాడతారు.

మోజు హద్దు దాటితే కీడూ జరుగుతుంది. స్విట్జర్లాండ్ దక్షిణాన తిచీనో ప్రాంతంలో ఆ ట్రాకికార్పసే తోటలు దాటి అడవిలో చొరబడి స్థానిక మొక్కలను అణగదొక్కింది. ఆసియాకు చెందిన ఎర్రముక్కు పురుగు పామ్ చెట్ల ఎగుమతి దిగుమతులతో 1990లలో స్పెయిన్ చేరి, మధ్యధరా తీరంలో అసంఖ్యాకంగా ఖర్జూర జాతి చెట్లను బలిగొంది. ఫాక్స్‌టెయిల్ పామ్ సంగతి మరొకటి. ఆస్ట్రేలియాలో కేప్ మెల్విల్ బండరాళ్ల మధ్య మాత్రమే సహజంగా పెరిగే ఈ చెట్టు బయటి ప్రపంచానికి తెలిసి యాభై ఏళ్లే. 1983లో శాస్త్రనామం ఇచ్చినప్పుడు ఆ నేల తెలిసిన ఆదివాసీ పెద్ద వొడ్యెటి పేరు దానికి పెట్టారు. వెంటనే గిరాకీ పెరిగింది, రక్షిత అడవిలోంచి విత్తనాల దొంగతనాలు జరిగాయి. తోటల్లో పెరిగిన చెట్లు కాపుకు వచ్చి విత్తనం చవకయ్యాక దొంగల పని ముగిసింది. ఇప్పుడది కడియం నర్సరీల్లో మామూలు సరుకు. తెలుగు పట్టణాల్లో అపార్ట్‌మెంట్ల గేట్ల పక్కన నక్కతోకలాంటి ఆకులతో కనిపించే చెట్టు అదే.

విత్తనం పంచి గిరాకీ తీర్చే ఆ మార్గం మడగాస్కర్‌లో మొదటినుంచే పద్ధతిగా నడిచింది. అక్కడ జీడిమామిడి తోటను చూసుకునే ఒక కుటుంబానికి విహారంలో ఒక వింత చెట్టు కంటబడింది. అయిదు మీటర్ల ఆకులతో ఎదిగి, ఒక్కసారే పూసి చనిపోయే మహావృక్షం. ఫొటోలు క్యూ గార్డెన్స్ పండితులకు చేరాయి. 2008లో అది కొత్త ప్రజాతిగా ప్రకటితమై, ఆ కుటుంబంలోని కూతురి పేరుతో ‘తహీనా’ అయింది. అప్పటికి అడవిలో కనిపించినవి వంద చెట్లలోపే. విత్తనాలను సేకర్తలకు అమ్మి, వచ్చిన సొమ్ము దగ్గరి ఊరికి చేర్చారు. ఊరివారు చెట్లకు కాపలా అయ్యారు. అపురూపమైన జాతిని దాచిపెడితే దొంగలు పుడతారు. పంచిపెడితే అది బతుకుతుంది. పామ్ సంఘాల దశాబ్దాల అనుభవం తేల్చింది ఇదే.

పంచడానికి ఏమీ మిగలని దుస్థితి మారిషస్‌లో ఉంది. క్యూర్‌పైప్ ఉద్యానంలో హయోఫోర్బ్ అమారికాలిస్ అనే జాతికి లోకమంతటా మిగిలింది ఒకే ఒక చెట్టు.

బెంగాల్ తాళి కథకు తెలుగు నేలతో చుట్టరికముంది. 1781 నుంచి సామర్లకోటలో ఉండి కోరమాండల్ తీరపు మొక్కలను పరిశీలించిన విలియం రాక్స్‌బర్గ్ 1793లో కలకత్తా వృక్షోద్యానానికి వెళ్లాడు. శ్రీతాళానికి దగ్గరి బంధువైన ఈ తాళిని కొరైఫా తాలియెరాగా శాస్త్రలోకానికి పరిచయం చేసింది ఆయనే. శాంతినికేతన్ దగ్గర అడవిలో మిగిలిన చివరి చెట్టు 1979లో పూత ఎత్తితే, ఆ పెద్ద గుత్తి చూసి భూతం చెట్టని భయపడి ఊరివారు కొట్టేశారు. కాయ పండనేలేదు. ఢాకా విశ్వవిద్యాలయ ఆవరణలో నిలిచిన మరో చెట్టు 2008లో పూసి, విత్తనాలిచ్చి, ఎండిపోయింది. ఆ జాతి ఇప్పుడు అడవిలో లేదు. హౌరా, ఢాకా, ఫ్లోరిడా తోటల్లో ఎవరో ఒకరు విత్తనం నాటినందువల్లే ఉంది.

తెలుగునాట ఈ అభిరుచి మొదలుపెట్టాలంటే దేశాంతరం నుంచి విత్తనం తెప్పించుకోనక్కర్లేదు. శ్రావణ భాద్రపదాల్లో రాలిన తాటిపండు టెంకను గట్టు మీద పాతి, తేగ కోసం తవ్వకుండా వదిలేయాలి. మరుసటి వానలకు మొదటి ఆకు పైకి వస్తుంది. అది పోతుతాడో పెంటితాడో పూత పట్టేదాకా తెలియదు. అందుకు పన్నెండేళ్లయినా ఆగాలి.